యజమాని మాట: బుర్మాకన్ గారి ఇరవయ్యారేళ్ళ కొలువు

పందొమ్మిది వందల తొంభై ఎనిమిదవ సంవత్సరం, ఏప్రిల్ నెల ఆరవ తేదీన శ్రీమతి బుర్మాకన్ జుమాలియెవా గారు మన కొచ్‌కోర్ చిన్న వ్యాపారుల శిక్షణ, సహాయ కేంద్రంలో క్షేత్ర సలహాదారుగా బాధ్యతలు స్వీకరించారు. ఇది వారి సేవా పుస్తకంలో ఉన్న తేదీ. నియామక ఉత్తర్వులో మాత్రం పదహారవ తేదీ అని ఉంది. ఉత్తర్వు రాకముందే పది రోజులు ఎలా పనిచేశారో, ఎవరు పనిచేయించుకున్నారో దస్త్రాల్లో ఎక్కడా దొరకలేదు. ఆవిడనే అడిగాను. "తేదీలు నాకేం గుర్తుంటాయి ఇషెన్! వచ్చేసరికి గదంతా చల్లగా ఉంది. పొయ్యి రాజేశాను. అందరూ కూర్చోమన్నారు, కూర్చున్నాను" అన్నారు. సన్మాన సంచికకు తగిన నిర్దుష్టతతో ఆరంభించాలన్న నా సంకల్పం మొదటి వాక్యంలోనే తడబడింది.

ఈ కేంద్రంలో పంతొమ్మిదేళ్ళుగా దస్త్రాలు చూసుకుంటున్న నన్ను, ఇషెన్ కసీమలియెవ్ అనేవాణ్ణి, మా సంచాలకులు రిస్‌బెక్ గారు పిలిచి, "ఆవిడ గురించి నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. మంచి మాటలతో నాలుగు పేజీలు రాయి" అని ఆదేశించారు. నాకు తెలిసినదంతా వారి నివేదికలు మాత్రమే. అవి చదివినకొద్దీ తెలియనిదే ఎక్కువైంది. పైగా మరొక చిక్కు ఉంది. వారికి యాభై ఎనిమిదేళ్ళు నిండాయి, నిజమే. కానీ కోరుకుంటే మరో రెండేళ్ళు కొలువులో కొనసాగవచ్చు. ఆ కొనసాగింపు పత్రం సిద్ధమై సంచాలకుల బల్ల మీద ఉంది. బుర్మాకన్ గారి సంతకం ఒక్కటే తక్కువ. ఈ వ్యాసం చదివే సన్మాన సభ రోజు సాయంత్రం ఐదు గంటలకు దాని గడువు తీరిపోతుంది. వారు పెట్టనంటున్నారు. ఇక నేను వీడ్కోలు పలకాలో, వెళ్ళవద్దని బతిమాలాలో తేల్చుకోలేక ఈ వ్యాసాన్ని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చించేశాను. ఇది నాలుగవది.

మన కేంద్రంలో చేరక మునుపు బుర్మాకన్ గారు తపాలా కార్యాలయంలో టెలిఫోన్ కలిపే ఉద్యోగం చేసేవారు. ఆ కాలంలో మన పట్టణంలో ఎవరికి వారు ఏదో ఒక చిన్న వ్యాపారం మొదలుపెట్టడం, ఏడాది తిరక్కుండానే మూసేసుకోవడం పరిపాటిగా ఉండేది. వారికి దారి చూపడానికి నియమితులైన తక్కిన సలహాదారులు నల్లబల్ల మీద గీతలు గీసి, లాభమనగానేమి, గిరాకీ అనగానేమి అని బోధించేవారు. వచ్చినవాళ్ళు శ్రద్ధగా రాసుకునేవారు, టీ తాగేవారు, ఇంటికి వెళ్ళి మునుపు చేసినట్టే చేసేవారు. బుర్మాకన్ గారు నల్లబల్ల దగ్గరకు వెళ్ళలేదు. తిన్నగా దుకాణానికి వెళ్ళి, చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, "నాకూ ఏదైనా పని చెప్పండి" అని అడిగేవారు.

వారి మొదటి నివేదిక జూరా అనే రొట్టెలావిడ గురించినది. మన నివేదికలో మూడు గడులుంటాయని సహోద్యోగులకు తెలుసు, కుటుంబ సభ్యుల కోసం చెబుతున్నాను. మొదటిది పరిస్థితి, రెండవది ఇచ్చిన సలహా, మూడవది యజమాని మాట. మొదటి గడిలో బుర్మాకన్ గారు "నాలుగు రోజులు పిండి పిసికాను" అని రాశారు. రెండవ గడిలో ఒక అడ్డగీత గీశారు. మూడవ గడి నిండిపోయి వెనక పేజీలోకి పోయింది. "అయ్యయ్యో, అది పిండా, గోడకు మెత్తే మట్టా? ఇంత నీళ్ళు ఎవరు పోయమన్నారు? నీ అత్తగారు నిన్ను ఎలా భరించిందమ్మా? ఇలా ఇవ్వు. చూడు, నేను తెల్లారకముందే మొదటి వాయి తీస్తాను. ఎందుకా? మా అమ్మ అలాగే తీసేది. ఎవరు కొంటారా? ఆ వేళకెవరూ కొనరు. చల్లారిపోయాక సగం ధరకు..." అక్కడ జూరా ఆగిపోయిందట. నివేదికలో ఆ తరువాత చుక్కలున్నాయి. మరుసటి వారం నుంచి ఆమె మొదటి వాయి బడి పిల్లలు వచ్చే వేళకు తీయడం మొదలుపెట్టింది. ఆ పొయ్యి ఈనాటికీ ఆరలేదు. మన కేంద్రం గోడ మీది విజయాల పట్టికలో అది మొదటి వరుసలో ఉంది. సలహా ఏమిచ్చారన్న చోట అడ్డగీత అలాగే ఉంది.

రెండు వేల మూడులో జీను పనివాడు అక్మత్ దగ్గర వారు రెండు వారాలు తోలు కోశారు. అతను మాటకారి కాడు, కానీ ఆ రెండు వారాల్లో బహుశా జీవితమంతటికీ సరిపడా మాట్లాడేశాడు. "ఆపమ్మా తల్లీ, ఆపు! అది నడుంపట్టి తోలు! దాన్ని అడ్డంగా కోస్తావా? ఆ ముక్కలిప్పుడు కుక్క కూడా తినదు. పారెయ్. వద్దు, ఉంచు. ఉంచమన్నానా? ఇలాంటి ముక్కలు నా దగ్గర గోనె నిండా ఉన్నాయి... ఆ గోనె ఏదీ?" ఆ గోనెలోని ముక్కలతో అతను కొరడా పిడులు, తాళాల చిట్టి సంచులు కుట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు అతని కొడుకులిద్దరూ అదే పని. ఆ నివేదికలోనూ రెండవ గడిలో అడ్డగీతే.

నేను రెండు వేల ఐదులో చేరాను. అడ్డగీతలున్న నివేదికను దస్త్రంలో చేర్చకూడదన్నది నియమం. కొత్త ఉద్యోగి ఉత్సాహంతో ఆవిడ దగ్గరకు వెళ్ళి, "అక్కా, ఇక్కడ ఏదైనా రాయాలి" అన్నాను. "ఏం సలహా ఇచ్చానని రాయమంటావ్?" అన్నారు. "ఏమీ ఇవ్వలేదా?" అన్నాను. "నాకేం తెలుసని ఇస్తాను?" అన్నారు. అది వినయమనుకున్నాను. క్రమంగా కార్యాలయమంతటికీ ఒక సిద్ధాంతం కుదిరింది. ఆవిడ కావాలని తప్పు చేస్తారు. యజమాని మండిపడి సరిదిద్దుతాడు. సరిదిద్దుతూ సరిదిద్దుతూ తన పని తాను మొదటిసారి చెవులారా వింటాడు. విన్నప్పుడు తన తప్పు తనకే తగులుతుంది. ఎంత గంభీరమైన పద్ధతి! రిస్‌బెక్ గారు దీని మీద జిల్లా సదస్సులో గంటన్నర ప్రసంగించారు. రాజధాని నుంచి వచ్చిన శిక్షకులు రాసుకుని వెళ్ళారు. ఆ ప్రసంగం జరుగుతున్నంతసేపూ బుర్మాకన్ గారు చివరి వరుసలో ఎండు ఆప్రికాట్లు నములుతూ కూర్చున్నారు. అవుననలేదు, కాదనలేదు.

ఈ వ్యాసం కోసం నాలుగు వందల పదకొండు నివేదికలు తిరగేస్తుండగా నాకొక సంగతి కనబడింది, అది ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందే ఉన్నందుకు సిగ్గు కలిగింది. మొదటి పదేళ్ళలో మూడవ గడి నిండా తిట్లు. "చేతులా అవి, గరిటెలా?" "నిన్ను పంపినవాణ్ణి నాకు చూపించు." పదిహేనేళ్ళ తరువాత తిట్లు పలచబడ్డాయి. "పరవాలేదు అక్కా, నేను చేస్తాలెండి." ఇరవయ్యేళ్ళకు ఒక్క తిట్టూ లేదు. "చాలా బాగుంది పెద్దమ్మా." "అలాగే పెద్దమ్మా." "మీరు కూర్చోండి పెద్దమ్మా." వరుసగా అరవై డెబ్బై నివేదికల్లో ఇదే మాట. వారి జుట్టు నెరిసిన కాలమూ తిట్లు ఆగిన కాలమూ ఒక్కటేనని నేను లెక్కగట్టాను. మన దగ్గర తల నెరిసిన మనిషితో నువ్వు చేసింది తప్పని ఎవరంటారు? ఆవిడ ఉప్పుకు బదులు సోడా వేసినా ఆ పులుసు తాగి, మళ్ళీ పోయించుకుని, మూతి తుడుచుకుంటాం. నేనూ అంతే.

ఈ వేసవిలో జరిగిన సంగతి రాయవచ్చునా అని వారినే అడిగాను. సన్మాన సంచికలో ఇలాంటివి వేయరని రిస్‌బెక్ గారి అభిప్రాయం. బుర్మాకన్ గారు, "అది రాయకపోతే నేను సభకే రాను" అన్నారు. కనుక రాస్తున్నాను.

పట్టణానికి పడమటి వైపు సెజిమ్ అనే ఇరవయ్యారేళ్ళ కోడలు తన అత్తవారింటి పెద్దగదిలో ఉన్ని చెప్పుల పని పెట్టుకుంది. సరస్సు ఒడ్డున ఉన్న ఒక అతిథి గృహం వారు, ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు, పెద్దవాళ్ళవి, అరవై జతలు కావాలన్నారు. అంత పెద్ద పని ఆమెకు రావడం అదే మొదలు. ఆ గది మీద మరొకరి కన్ను కూడా ఉంది. మరిదికి పెళ్ళి కుదిరింది. "ఈ అరవై జతలూ గడువుకు అందిస్తే గది నీదే. లేకపోతే చిన్నవాడికిస్తాను, నువ్వు కొండ మీది వేసవి మేతబీళ్ళకు వెళ్ళి గుర్రాల పాలు పితుకు" అని మామగారు తేల్చి చెప్పారు. ఆయన ఒకసారి అన్న మాటను రెండోసారి అనరు, మార్చరు. సెజిమ్ సాయం కోరుతూ మన కేంద్రానికి అర్జీ పెట్టుకుంది. అర్జీలో ఆమె రాసిన కష్టం ఒక్కటే: పని ఎక్కువ, చేతులు తక్కువ.

బుర్మాకన్ గారూ, నివేదిక రాసిపెట్టడానికి తోడుగా నేనూ సోమవారం వెళ్ళాం. గడువుకు పన్నెండు రోజులుంది. చేతులు తక్కువేమీ లేవు. భర్త తరపు అత్తలు నలుగురు చెప్పు ఆకారంలో కోసిన అట్టల మీద ఉన్ని పొరలుగా పరుస్తున్నారు. వాళ్ళలో పెద్దది ఉర్కుయా, ముప్పయ్యేళ్ళుగా ఉన్ని తొక్కుతున్న మనిషి, బుర్మాకన్ గారికంటే ఎనిమిదేళ్ళు చిన్న. అసలు కష్టం నాకే అరగంటలో కనబడింది. అత్తలు ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా పరిచేవారు. సెజిమ్ చూసేది, పెదవి కొరుక్కునేది, "బాగుంది అత్తా" అనేది. వాళ్ళు ఇంటికి వెళ్ళాక విప్పి తానే మళ్ళీ పరిచేది. యజమాని ఆమే, కానీ ఆ గదిలో అందరికంటే చిన్నదీ ఆమే. తలుపు దగ్గర కూర్చుని అందరికీ టీ పోస్తూ, యజమానిగా ఒక్క మాట కూడా అనలేకపోయేది.

అచ్చు అట్టలు పాతబడి అంచులు చిరిగిపోయాయి. బుర్మాకన్ గారు కత్తెర అందుకున్నారు. చెప్పుల కొలతకు ఉంచిన చెక్క పాదాన్ని అట్ట మీద పెట్టి, చుట్టూ గీసి, సరిగ్గా గీత మీదే కోశారు. ఉన్ని వేడి సబ్బునీళ్ళలో తొక్కితే మూడో వంతు ముడుచుకుంటుందని, అచ్చు అంత పెద్దగా కోయాలని మా ఊళ్ళో పాలు మరిచిన పిల్లకు కూడా తెలుసు. సెజిమ్ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఉర్కుయా దగ్గింది. నేను టీ తాగాను. నలుగురు అత్తలకూ నాలుగు అట్టలిచ్చి, "ఇలాగే కానివ్వండి" అని, ఆ మధ్యాహ్నమే బుర్మాకన్ గారు జిల్లా సమావేశానికి నారిన్ వెళ్ళిపోయారు. "నువ్వుండు ఇషెన్, చూస్తూ ఉండు" అన్నారు. మూడు రోజులు చూస్తూ ఉన్నాను.

మంగళవారం సాయంత్రానికి తాడు మీద పదహారు జతలు ఆరాయి. అన్నీ ఏడేళ్ళ పిల్లలవి. ఉర్కుయా వాటిని చూసి, "ముద్దుగా ఉన్నాయి" అంది. బుధవారానికి ముప్పయి రెండు. నేను సెజిమ్‌ను పక్కకు పిలిచి, "ఇవి చిన్నగా లేవూ?" అన్నాను. ఆ పిల్ల గొంతు తగ్గించి, "ఉన్నాయి అన్నయ్యా. కానీ ఆవిడ కావాలనే తప్పు చేస్తారట కదా? మీ సార్ సదస్సులో చెప్పారు. ఇందులో ఏదో పాఠం ఉండుంటుంది. రెండు రోజులుగా ఆలోచిస్తున్నా, తట్టట్లేదు. మీకు తెలుసా?" అంది. నాకూ తెలియదు. తెలియదనడానికి మొహమాటపడి, "ఓపిక పట్టు, తెలుస్తుంది" అన్నాను. నా జేబులో ఫోన్ ఉంది. నారిన్‌కు ఒక్క మాట చేరవేస్తే సరిపోయేది. ఆవిడకు నేను చెప్పడమా అని ఊరుకున్నాను. ఉర్కుయా కారణం వేరు. "ప్రభుత్వం తరపున వచ్చిన పెద్దావిడ. ఏదో కొత్త కొలత వచ్చిందనుకున్నాం" అని తరువాత చెప్పింది. ఎవరి కారణం వారికి సబబుగానే ఉంది. గురువారం సాయంత్రానికి నలభై ఎనిమిది జతలయ్యాయి, ఉన్ని గోనెలు అడుగంటాయి.

బుర్మాకన్ గారు ఆ సాయంత్రమే వచ్చారు. తాడు కింద నిలబడి, ఒక చెప్పు తీసి, అందులోకి నాలుగు వేళ్ళు దూర్చి చూశారు.

"ఇవెవరికి? పిల్లలకా?"

అత్తలందరూ ఉర్కుయా వైపు చూశారు.

"మీరు కోసిన అట్టలేనమ్మా" అంది ఉర్కుయా, నేల చూస్తూ.

"చిన్నవైపోయాయని తెలీలేదా నీకు?"

"తెలిసిందమ్మా."

"మరి?"

ఉర్కుయా తలగుడ్డ సర్దుకుంది. బుర్మాకన్ గారు సెజిమ్ వైపు తిరిగారు. "నువ్వెందుకు చెప్పలేదే పిల్లా?"

"పాఠమనుకున్నా పెద్దమ్మా."

"ఏం పాఠం?"

"అదే... మాకు తెలీట్లేదు. మీరే చెప్తారని..."

బుర్మాకన్ గారు ఆ చెప్పును తిరిగి తాడు మీద వేశారు. "పాఠమూ లేదు, పాడూ లేదు" అన్నారు. "తప్పు కోశాను. నాకు ఉన్ని పని రాదు. పిండి పిసకడం రాదు, తోలు కోయడం రాదు. మా అమ్మ చిన్నప్పుడే పోయింది, అత్తగారు బడి పంతులమ్మ, నన్ను వంటింట్లోకే రానివ్వలేదు. నాకు తెలిసినవి టెలిఫోను తీగలొక్కటే. తప్పు చేస్తే తిడతారు కదా, తిడితే సరిగా చేస్తాను కదా అనుకుని ఎక్కడికెళ్ళినా ధైర్యంగా చెయ్యి పెడతాను. మీరెవరూ తిట్టలేదు. సరిగానే కోశాననుకున్నాను."

నా పరిస్థితి ఏమని రాయను! పంతొమ్మిదేళ్ళ సిద్ధాంతం, గంటన్నర ప్రసంగం, రాజధాని శిక్షకుల నోటు పుస్తకాలు అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఆలోగా సెజిమ్ ముఖం ఎర్రబడింది. ముందు ఏడుస్తుందనుకున్నాను.

"రాకపోతే ఎందుకు పట్టుకున్నారు కత్తెర?" అంది. మెల్లగానే మొదలైంది. "ఉన్ని ముడుచుకుంటుందని తెలీకుండా ఉన్ని పనికొస్తారా ఎవరైనా? నలభై ఎనిమిది జతలు! ఎక్కడి నుంచి తేను ఇంత ఉన్ని? ఈ గది పోతుంది నాది, మీకేం, మీరు ఆఫీసుకు పోతారు!" అక్కణ్ణుంచి అత్తల మీదికి తిరిగింది. "ఉర్కుయా అత్తా, నీకు తెలీదా? ముప్పయ్యేళ్ళు! ముద్దుగా ఉన్నాయా? ఎవరి కాళ్ళకు ముద్దు? నువ్వు పరిచిన ప్రతి చెప్పూ నేను రాత్రిళ్ళు విప్పి మళ్ళీ పరుస్తున్నా, తెలుసా నీకు? ఎడమ పక్క ఎప్పుడూ పలచనే! రెండేళ్ళుగా చెప్పలేక చస్తున్నా!" నేను తలుపు వైపు జరుగుతుండగా చూసింది. "ఇంక మీరు! మూడు రోజులు కూర్చుని పదిహేను గిన్నెల టీ తాగారు, లెక్కపెట్టా! ఓపిక పట్టాలా నేను?"

అప్పుడు గమనించాం, మామగారు గడపలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియదు. మన ఇళ్ళల్లో కోడలు పెద్దల ఎదుట గొంతెత్తడమంటే ఏమిటో మీకు తెలుసు. సెజిమ్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఉర్కుయా పాలిపోయింది. ఆయన టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎన్ని రోజులుంది?" అని అడిగారు కోడల్ని.

"తొమ్మిది, మామయ్యా."

"ఉన్ని ఎంత కావాలి?"

"రెండు గోనెలు."

ఆయన వెళ్ళి గంటలో మూడు గోనెలు తెచ్చి గుమ్మంలో పడేశారు. ఉర్కుయా లేచి, సెజిమ్ పెద్దగా కోసిన కొత్త అట్ట మీద ఉన్ని పరిచి, ఎడమ పక్క మళ్ళీ సరిచేసింది. "ఇంత చాలా?" అని అడిగింది. సెజిమ్ వేళ్ళతో తడిమి చూసి, "ఇంకాస్త వెయ్యి అత్తా" అంది. అత్త వేసింది.

ఆ తొమ్మిది రోజులూ బుర్మాకన్ గారు వేడి నీళ్ళు మోశారు, సబ్బు తురిమారు, ఉన్ని దువ్వారు. "పెద్దమ్మా, నీళ్ళు కారుతున్నాయి, బకెట్ నిటారుగా పట్టుకోండి!" "పెద్దమ్మా, అది దువ్వడమా, పీకడమా?" వారి ముఖంలో అంతటి వెలుగు నేను ఏ సన్మాన సభలోనూ చూడలేదు. పన్నెండవ నాడు అరవై జతలూ సరస్సు ఒడ్డుకు వెళ్ళాయి. అన్నీ సరిపోయాయని కబురొచ్చింది. మరిదికి పెరట్లో వేరే గది కడుతున్నారు. ఆ నలభై ఎనిమిది చిన్న జతలు ఏమయ్యాయో నాకు తెలియదు. అడగడానికి ఇప్పటికీ మొహం చెల్లలేదు.

ఈ నివేదికలో మూడవ గడి మళ్ళీ నిండింది, వెనక పేజీ దాకా పోయింది. ఇక ఆవిడ ఉత్సాహంగా కొనసాగింపు పత్రం మీద సంతకం పెడతారని అందరం అనుకున్నాం. మరుసటి వారమే విరమణ అర్జీ ఇచ్చారు. నాకు ఏమీ పాలుపోక వారి బల్ల దగ్గరకు వెళ్ళాను.

"అక్కా, ఇంత బాగా జరిగాక వెళ్ళిపోవడమేంటి?"

"బాగా ఎక్కడ జరిగింది ఇషెన్? ఒక్కసారి తిట్టించుకోవడానికి ఆ పిల్ల ఉన్ని అంతా పాడుచేయాల్సొచ్చింది. ఆ మామగారు ఇంకొకరైతే గది పోయేది. నా పనికి మూలధనం తిట్లే. తల నెరిశాక అవి రావు. ప్రతి దుకాణంలోనూ ఇంత నష్టం చేసి తిట్లు సంపాదిస్తానా? నాకిక తప్పు చెప్పేవాళ్ళు లేరు. నేను పనికిరాను."

టీ తెస్తానని లేచి వచ్చేశాను.

ఆ తరువాత ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాను. మామూలుగా ఇలాంటి సందర్భంలో, శిష్యులు పూజిస్తుండగా, యువతరం తలవంచి నమస్కరిస్తుండగా, మాన్యులు శేష జీవితాన్ని ప్రశాంతంగా గడపాలని రాస్తారు. అలాగే రాశాను. చదువుకుంటే అది ఆశీస్సులా లేదు, శాపంలా ఉంది. చించేశాను. మరో రెండుసార్లు రాశాను, రెండుసార్లూ చించేశాను. నిన్న సెజిమ్‌కు ఫోన్ చేసి, ఆవిడ గురించి సంచికకు ఒక మంచి మాట చెప్పమన్నాను. సెజిమ్ ఫోన్‌లోనే అరిచింది. "మంచి మాటా? ఉన్ని దువ్వడం సగం నేర్చుకుని సగంలో పారిపోతుందా ఆవిడ? కొత్తగా ఇద్దరు అమ్మాయిలొచ్చారు, వాళ్ళకు పెద్దావిడ చేతిలో కత్తెర చూస్తే నోరు పెగలదు. వాళ్ళకెవరు నేర్పిస్తారు నోరు తెరవడం? సోమవారం ఎనిమిదింటికి రమ్మనండి. ఆలస్యమైతే ఊరుకోను. ఇదే రాయండి!" రాయమన్నది రాశాను. మూడవ గడిలో ఎక్కించాను కూడా.

బుర్మాకన్ అక్కా, ఈ మాటలు సభలో మీ ఎదుట చదవబడతాయని తెలిసే రాస్తున్నాను. పంతొమ్మిదేళ్ళలో మీరు అన్న ఏ మాటనూ నేను కాదనలేదు. అట్టలు కోస్తున్నప్పుడు చూస్తూ కూర్చున్నాను. మీరు పనికిరారని మీరే అన్నప్పుడు టీ వంకతో లేచి వెళ్ళిపోయాను. ఆ రెండుసార్లూ నేను చూపింది మర్యాద అనుకున్నాను, అది పిరికితనం. కనుక ఇప్పుడు, మీకంటే పద్నాలుగేళ్ళు చిన్నవాడిగా, సహోద్యోగులందరి ముందూ, మీ పిల్లల ముందూ చెబుతున్నాను: మీరు చేస్తున్నది తప్పు. మీకు తప్పు చెప్పేవాళ్ళు లేరన్నది తప్పు. పనికిరానన్నది అంతకంటే పెద్ద తప్పు. సంతకం పెట్టే కలం ఎలా పట్టుకోవాలో కూడా తెలియకపోతే, రండి, చూపిస్తాను.

పెట్టినా సరే, పెట్టకపోయినా సరే, మీకు సంపూర్ణమైన ఆరోగ్యం, గట్టి మోకాళ్ళు, చురుకైన కళ్ళు, ఇంకా తెలియని పనులు కావలసినన్ని కలగాలని మా అందరి హృదయపూర్వక ఆకాంక్ష. మీ పులుసులో సోడా పడిందని మొహం మీదే చెప్పే మనుషుల మధ్య, నూరేళ్ళు, అంతకు మించీ, చల్లగా వర్ధిల్లండి.

ఇషెన్ కసీమలియెవ్
దస్త్రాల విభాగం